థింక్‌ప్యాడ్ టీ480: నల్ల డబ్బా, ఎర్ర చుక్క, చేతిలో స్క్రూడ్రైవర్

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ (కంప్యూటర్ కొట్ల సముదాయం) మెట్లెక్కి పాత థింక్‌ప్యాడ్ ఉందా అని అడిగితే, బల్ల మీదికి ముందుగా వచ్చేవాటిలో టీ480 ఒకటి. కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన లాట్లలోంచి వస్తాయివి. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న పీసు 20 వేలకు అటూఇటూగా చెబుతారు. 2018 జనవరిలో వచ్చిన లెనోవో ఆఫీసు ల్యాప్‌టాప్ ఇది. లినక్స్ (విండోస్ బదులు వేసుకునే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్లు, ఇంట్లోనే సర్వర్ నడుపుకునేవాళ్లు, ఏ వస్తువైనా విప్పి చూడందే ఊరుకోనివాళ్లు దీన్ని ఇవాళ్టికీ వెతికి మరీ కొంటున్నారు. గీకుల మధ్య ఇదొక గుర్తింపు కార్డులా తయారైంది.

ఆ పేరు ఊరికే రాలేదు. కానీ పేరు ఒక్కటే చూసి కొంటే డబ్బు పోతుంది. ముందే తేల్చి చెప్పాలంటే: స్క్రూడ్రైవర్ పట్టుకునే ఉద్దేశం ఉంటే టీ480 కొనండి, ఆ ధరకు దీనంత చేతికి లొంగే మెషీన్ ఇంకోటి కనపడదు. మూత మీద లినక్స్ గుర్తు పెంగ్విన్ స్టిక్కర్ అంటించి, కొన్నది కొన్నట్టే వాడదామనుకుంటే వద్దు. కొన్నది కొన్నట్టు వాడితే ఇది వెలుతురు చాలని తెర, ఎండిపోయిన థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని బయటికి దాటించే పూత), సగం చచ్చిన బ్యాటరీలు ఉన్న బరువైన పెట్టె, అంతే.

ఈ మోడలే ఎందుకు

1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీ తెచ్చింది. డిజైనర్ రిచర్డ్ సాపర్ జపాన్ వాళ్ల బెంతో పెట్టెను (అరలున్న భోజనం డబ్బాను) మనసులో పెట్టుకుని దాని రూపం గీశాడు. మూస్తే అలంకారం లేని నల్ల డబ్బా, తెరిస్తే లోపల ఎక్కడి వస్తువు అక్కడ. కీబోర్డు మధ్యలో ఉండే ఎర్ర చుక్క, అంటే వేలితో నెట్టి కర్సర్ కదిపే ట్రాక్‌పాయింట్, ఐబీఎం పరిశోధకుడు టెడ్ సెల్కర్ ఆలోచన. మౌస్ కోసం చెయ్యి కీబోర్డు వదిలి వెళ్లి మళ్లీ వచ్చేసరికి పోయే క్షణాలను మిగల్చడమే దాని పని. 1993 డిసెంబర్‌లో హబుల్ టెలిస్కోపు మరమ్మతుకు వెళ్లిన ఎండెవర్ షటిల్‌లో థింక్‌ప్యాడ్ 750సీ కూడా వెళ్లింది. 2005లో ఐబీఎం పీసీ వ్యాపారం లెనోవో చేతికి వచ్చాక కూడా ఆ నల్ల రంగు, ఆ ఎర్ర చుక్క మారలేదు.

మారినవి వేరే. ఏడు వరసల పాత కీబోర్డు 2011 నాటి టీ420, ఎక్స్220లతో ఆగిపోయింది (2017లో 25 ఏళ్ల గుర్తుగా చేసిన ప్రత్యేక మోడల్ ఒక్కదాంట్లో మళ్లీ కనిపించింది). ఆ తర్వాత బ్యాటరీ లోపలికి పోయింది, ర్యామ్ బోర్డుకు అతుక్కుపోయింది. టీ480 సరిగ్గా ఆ గట్టు మీద నిలబడ్డ మోడల్. వెనక బ్యాటరీని నడుస్తుండగానే తీసి మార్చగలిగిన టీ సిరీస్‌లో ఇదే ఆఖరి తరం. ర్యామ్‌కు రెండు స్లాట్లున్నాయి, రెండూ చేతికి అందుతాయి. తర్వాతి ఏడాది వచ్చిన టీ490లో వెనక బ్యాటరీ లేదు, ర్యామ్‌లో ఒక భాగం బోర్డుకే సోల్డర్ చేసేశారు. టీ480తో పాటే వచ్చిన పల్చటి తోబుట్టువు టీ480ఎస్ సంగతీ అంతే.

అటువైపు చూస్తే ఇంటెల్ తన 15 వాట్ల ల్యాప్‌టాప్ చిప్‌లలో రెండు కోర్ల నుంచి నాలుగు కోర్లకు వచ్చింది టీ480లో ఉన్న ఈ 8వ తరంతోనే. విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునే ఇంటెల్ చిప్‌లు కూడా, కొన్ని మినహాయింపులు తప్ప, ఇక్కడి నుంచే మొదలు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ఆగిపోయాక అంతకుముందు మోడల్ టీ470 ఆ గీతకు అవతల ఉండిపోయింది, టీ480 ఇవతలికి వచ్చింది. పాత కాలం మరమ్మతు సౌకర్యం, కొత్త కాలం ప్రాసెసర్ రెండూ ఒకే పెట్టెలో ఉన్నది ఇలాంటి ఒకటి రెండు మోడళ్లలోనే. గీకులు దీన్ని పట్టుకుని వదలకపోవడానికి అసలు కారణం అది.

కొట్టులో చూడాల్సినవి

పాతిక వేలు చేతిలో పెట్టుకుని వెళ్లినా పదిహేను నిమిషాలు నిలబడి చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ లైవ్ ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) వేసుకుని వెళ్లండి, సగం పరీక్షలు దానితోనే అయిపోతాయి.

అన్నిటికంటే ముందు, ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కి బయాస్‌లోకి (విండోస్ కంటే ముందే లేచే సెట్టింగుల తెరలోకి) వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడితో ఆపేసి ఇంకో పీసు అడగండి. థింక్‌ప్యాడ్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ లోపలి చిన్న బటన్ బ్యాటరీ పీకితే పోయేది కాదు. బోర్డు మార్చాలి, లేదంటే చిప్‌ను బయటి నుంచి ప్రోగ్రామర్ అనే పరికరంతో తిరగరాయాలి. "అది మేం తీసిస్తాం సార్" అంటే, తీశాక చూపించమనండి. పాస్‌వర్డ్ లేకపోతే సెక్యూరిటీ మెనూలో అబ్సొల్యూట్ అనే ట్రాకింగ్ సదుపాయం యాక్టివేట్ అయి ఉందేమో చూడండి. అయి ఉంటే పాత కంపెనీ దాన్ని వదల్లేదని అర్థం.

కనపడని ఇంకో చిక్కుంది. పెద్ద కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లను మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్‌లో (ల్యాప్‌టాప్‌ను కంపెనీ ఖాతాకు కట్టేసే ఏర్పాటులో) నమోదు చేస్తాయి. అమ్మేటప్పుడు ఆ నమోదు తీసేయడం మర్చిపోతే, ఇంటికెళ్లి కొత్తగా విండోస్ వేసి నెట్‌కి కలపగానే ఆ కంపెనీ లాగిన్ పేజీ వచ్చి కూర్చుంటుంది. కొట్టువాళ్లు నెట్ లేకుండా విండోస్ వేసి చూపిస్తే ఇది బయటపడదు. అందుకని విండోస్ వాడే ఉద్దేశం ఉంటే, వాపసు గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకుని, ఆ గడువులోనే నెట్‌తో తాజాగా ఇన్‌స్టాల్ చేసి చూడండి. లినక్స్ మాత్రమే వేసుకునేవాళ్లకు ఈ బాధ లేదు.

బయాస్ మొదటి పేజీలో సీరియల్ నంబరు ఉంటుంది, కింద మూత మీద స్టిక్కర్‌లోనూ ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. తేడా ఉంటే బోర్డో మూతో మారింది. ఆ నంబరును లెనోవో సపోర్ట్ సైటులో కొడితే ఫ్యాక్టరీలో ఏ తెరతో, ఏ ప్రాసెసర్‌తో బయటికి వచ్చిందో తెలుస్తుంది. ప్రాసెసర్ పేరు ఐ5-8250యూ, ఐ5-8350యూ, ఐ7-8550యూ, ఐ7-8650యూలలో ఏదైనా ఫర్వాలేదు. నాలుగూ నాలుగు కోర్లవే, ఐ7 కోసం మూడు నాలుగు వేలు ఎక్కువ పెట్టడం దండగ. ఆ డబ్బుతో ర్యామ్ కొనుక్కోండి.

తెర విషయంలో మాత్రం రాజీ పడకండి. ఆఫీసు లాట్లలో 1366×768 రకం తెరలు బాగానే ఉంటాయి. పక్కనుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. 1920×1080 ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు మారని రకం) అడగండి, సన్న గీతలు, మచ్చలున్నాయేమో ఒకసారి పూర్తి తెలుపు, ఒకసారి పూర్తి నలుపు పెట్టి చూడండి. చాలా పీసుల మీద నల్ల వినైల్ తొడుగు అంటిస్తారు. గీతలు దాచడానికైతే సరే, మూలల్లో వేలు పెట్టి నొక్కి చూడండి, పగులుంటే కిర్రుమంటుంది. టచ్‌ప్యాడ్ ఒక పక్క లేచినట్టున్నా, అరచెయ్యి ఆనే పలక ఉబ్బినట్టున్నా లోపలి బ్యాటరీ వాచిందని అనుమానించి పక్కన పెట్టేయండి.

ఇక ఎడమ పక్కనున్న రెండు యూఎస్‌బీ-సీ పోర్టులు. ఒక్కోదానికీ ఛార్జర్ పెట్టి, రెండిట్లోనూ ఛార్జింగ్ ఎక్కుతోందా చూడండి. పిన్ను కొంచెం కదిపినప్పుడు ఛార్జింగ్ ఆగుతూ వస్తుంటే పోర్టు సోల్డరింగ్ వదులైంది. ఈ పోర్టులు మెయిన్ బోర్డు మీదే ఉంటాయి కాబట్టి టీ480లో ఖరీదైన రోగం ఇదే.

థండర్‌బోల్ట్ సంగతి

టీ480 గురించి ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. రెండు యూఎస్‌బీ-సీలలో ఒకటి థండర్‌బోల్ట్ 3, అంటే డాక్ (అదనపు పోర్టుల పెట్టె), మానిటర్ లాంటివి తగిలించే వేగపు పోర్టు. దాని కంట్రోలర్ పక్కన చిన్న ఫ్లాష్ చిప్ ఒకటి ఉంటుంది. మొదట్లో వచ్చిన ఫర్మ్‌వేర్‌లో (చిప్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్‌లో) ఉన్న లోపం వల్ల కంట్రోలర్ ఆ చిప్‌లోకి అనవసరంగా రాస్తూనే పోయేది. అలా రాసి రాసి చిప్ నిండిపోయాక థండర్‌బోల్ట్ పోర్టు మూగబోతుంది. కొన్నిటిలో యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ మొరాయిస్తుంది, కొన్నిటిలో హెచ్‌డీఎంఐ బొమ్మ కూడా రాదు. 2017 నుంచి 2019 దాకా వచ్చిన చాలా థింక్‌ప్యాడ్‌లలో ఈ లోపం ఉంది. లెనోవో దీన్ని ఒప్పుకుని అత్యవసర అప్‌డేట్ ఇచ్చింది.

విండోస్‌లో థండర్‌బోల్ట్ కంట్రోల్ సెంటర్ తెరిస్తే ఎన్‌వీఎం వెర్షన్, అంటే ఆ ఫర్మ్‌వేర్ వెర్షన్, కనిపిస్తుంది. 20 ఉంటే మంచిది. అంతకంటే తక్కువ ఉంటే లినక్స్ వేసేముందే, విండోస్ ఉండగానే ఆ అప్‌డేట్ పూర్తి చేయండి. ఛార్జర్ పెట్టి ఉంచాలి, మధ్యలో కరెంటు పోకూడదు, అప్‌డేట్ నడుస్తుండగా డాక్, మానిటర్ ఏవీ తగిలించి ఉండకూడదు. చాలామంది కొత్త ల్యాప్‌టాప్ తెచ్చిన ఉత్సాహంలో మొదటి రోజే విండోస్ తుడిచేసి లినక్స్ వేస్తారు, ఈ అప్‌డేట్ అలాగే మిగిలిపోతుంది. ఆరు నెలల తర్వాత పోర్టు పోతే లినక్స్‌ని తిడతారు. తప్పు లినక్స్‌ది కాదు.

చిప్ ఇప్పటికే నిండిపోయి ఉంటే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఎక్కకపోవచ్చు. అప్పుడు సీహెచ్341ఏ లాంటి చవక ప్రోగ్రామర్, ఎనిమిది కాళ్ల చిప్‌ను పట్టే క్లిప్ కొని, అడుగు మూత విప్పి, ఆ చిన్న చిప్‌లోకి సరైన ఫర్మ్‌వేర్ నేరుగా రాయాలి. ఫర్మ్‌వేర్ ఫైలు చిప్ పరిమాణం కంటే చిన్నది కాబట్టి మిగతా జాగా సున్నాలతో నింపి సరిగ్గా 1 ఎంబీ చేయాలి, లేకపోతే ప్రోగ్రామర్ రాయనంటుంది. రాసేముందు ఉన్నదాన్ని రెండుసార్లు చదివి, రెండు కాపీలూ అచ్చంగా ఒకటేనా అని పోల్చండి. తేడా వచ్చిందంటే క్లిప్ సరిగా కూర్చోలేదు. బ్యాటరీలు రెండూ తీసి, లోపలి కనెక్టర్ ఊడదీశాకే క్లిప్ పెట్టాలి. దీనికి సోల్డరింగ్ అక్కర్లేదు, ఓపిక మాత్రం కావాలి.

విప్పడం, మార్చడం

విప్పేముందు బయాస్‌లో కాన్ఫిగ్, పవర్ మెనూలోకి వెళ్లి లోపలి బ్యాటరీని డిసేబుల్ చేయండి. మెషీన్ దానంతటదే ఆగిపోతుంది. మళ్లీ ఛార్జర్ పెట్టేదాకా లేవదు. వెనక బ్యాటరీని రెండు గొళ్లేలు జరిపి తీసేయండి. అడుగు మూతకు ఆరు స్క్రూలు. అవి వదులవుతాయి గానీ మూతలోంచి ఊడి రావు, పోగొట్టుకునే భయం లేదు. అసలు కష్టం మూత అంచుల్లో ఉన్న క్లిప్పులతో. లోహపు స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పితే ప్లాస్టిక్ నొక్కుకుపోతుంది. గిటార్ పిక్ గానీ పాత సిమ్ కార్డు ముక్క గానీ బ్యాటరీ గుంట వైపు నుంచి దూర్చి, చుట్టూ నెమ్మదిగా జరుపుతూ రండి. టక్ టక్ మని ఒక్కో క్లిప్ వదులుతుంది. మొదటిసారి పది నిమిషాలు పడుతుంది.

ర్యామ్ డీడీఆర్4-2400. లెనోవో కాగితాల్లో 32 జీబీ వరకే అని ఉన్నా, రెండు 32 జీబీ కర్రలు (ర్యామ్ స్టిక్‌లు) పెడితే 64 కూడా నడుస్తుంది. అంత అవసరం లేకపోయినా, కొట్టులో ఒకే 8 జీబీ కర్రతో ఇస్తారు కాబట్టి అలాంటిదే ఇంకోటి జత చేయండి. రెండు స్లాట్లూ నిండితే డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండు కర్రలూ ఒకేసారి పనిచేస్తూ, నడుస్తుంది. ఇంటెల్ యూహెచ్‌డీ 620 గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. అందుకే రెండో కర్ర పెట్టగానే తెర మీద కదలికలోనే తేడా కనిపిస్తుంది.

ఎస్ఎస్‌డీ దగ్గర చాలామంది తడబడతారు. ఇందులో ఉన్నది పాత 2.5 అంగుళాల గూడు. ఎన్‌వీఎంఈ (సన్న పట్టీలా ఉండే వేగపు ఎస్ఎస్‌డీ) పెట్టాలంటే ఆ గూట్లో కూర్చునే అడాప్టర్ ట్రే విడిగా కొనాలి, ఉత్త ఎస్ఎస్‌డీ కొనుక్కొస్తే పెట్టడానికి చోటుండదు. ఇంకోటి, ఆ గూటికి వచ్చే పీసీఐఈ దారులు (డేటా నడిచే లైన్లు) రెండే. నాలుగు దారుల ఖరీదైన ఎస్ఎస్‌డీ పెట్టినా దాని వేగంలో సగమే బయటికొస్తుంది. మధ్యరకంది చాలు. సిమ్ మోడెమ్ కోసం ఉంచిన చిన్న ఎం.2 స్లాట్‌లో 2242 సైజు ఎన్‌వీఎంఈ ఒకటి అదనంగా పెట్టుకోవచ్చు, కానీ రెండు చోట్ల గాటున్న బీ+ఎం రకమే అందులో కూర్చుంటుంది. ఒక డిస్కులో విండోస్, ఇంకో డిస్కులో లినక్స్ పెట్టుకుంటే అప్‌డేట్ వచ్చి బూట్ లోడర్‌ను (ఆన్ చేయగానే లినక్స్‌ను లేపే ప్రోగ్రామును) చెరిపేసే తలనొప్పి తప్పుతుంది.

వైఫై కార్డు మార్చాలంటే ఇంటెల్ ఏఎక్స్200 గానీ ఏఎక్స్210 గానీ తీసుకోండి. పేరు చివర 1 ఉన్న ఏఎక్స్201, ఏఎక్స్211 చూడ్డానికి అలాగే ఉంటాయి, స్లాట్‌లో కూర్చుంటాయి కూడా. కానీ వాటిలో సగం పని ప్రాసెసర్ వైపు జరగాలి, టీ480లో ఆ ఏర్పాటు లేదు. యాంటెన్నా తీగల బొత్తాలు చాలా సుకుమారం. నిట్టనిలువుగా పెట్టి గోటితో నొక్కాలి, వంకరగా నొక్కితే అక్కడితో సరి.

థర్మల్ పేస్టు మాత్రం అందరూ మార్చాల్సిందే. ఇన్నేళ్ల తర్వాత అది సుద్దముక్కలా పొడిబారి ఉంటుంది. హీట్‌సింక్ (ప్రాసెసర్ మీదుండి వేడిని లాగే లోహపు భాగం) స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. బిగించేటప్పుడు ఆ వరసలోనే, ఒక్కోదాన్ని కొంచెం కొంచెంగా బిగించండి. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే చిప్ మీద బరువు ఒక పక్కకే పడుతుంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజలో సగమంత కొత్తది పెడితే సరిపోతుంది. ఫ్యాన్‌లో దుమ్ము ఊదేటప్పుడు రెక్కలను వేలితో ఆపి పట్టుకోండి. ఎంఎక్స్150 అనే విడి గ్రాఫిక్స్ చిప్ ఉన్న టీ480లో వచ్చే రెండు గొట్టాల హీట్‌సింక్‌ను మామూలు టీ480కి వేసేవాళ్లూ ఉన్నారు. ఎండాకాలం ఏసీ లేని గదిలో కోడ్ కంపైల్ చేసేవాళ్లకు అది పనికొస్తుంది, మిగతావాళ్లకు పేస్టు మార్పే చాలు.

తెర మార్చాలనుకుంటే ఇన్నోలక్స్ ఎన్140హెచ్‌సీజీ-జీక్యూ2 అనే ప్యానెల్‌కు మంచి పేరుంది. 400 నిట్ల వెలుతురు, పూర్తి ఎస్ఆర్‌జీబీ (తెరల రంగుల ప్రమాణం) రంగులు, కరెంటు తక్కువ తాగుతుంది. అసలు తెర 250 నిట్ల దగ్గరే ఆగిపోతుంది, రంగులు వెలిసిపోయినట్టుంటాయి. కిటికీ పక్కన కూర్చుంటే ఆ తేడా బాగా తెలుస్తుంది. ఆర్డర్ చేసేముందు పాత ప్యానెల్ వెనక స్టిక్కర్ చదివి, కనెక్టర్ 30 పిన్నులదేనా, బిగించే చెవులు ఎక్కడున్నాయో పోల్చుకోండి. 2560×1440 తెరకు 40 పిన్నుల కేబుల్ కావాలి కాబట్టి దాని జోలికి వెళ్తే కేబుల్ కూడా మార్చాలి.

రెండు బ్యాటరీలు

లోపల 24 వాట్ అవర్ల బ్యాటరీ ఒకటి, వెనక మార్చుకునేది ఇంకోటి. వెనక దానిలో మూడు రకాలు: 24 వాట్ అవర్లది ల్యాప్‌టాప్‌తో సమంగా ఉంటుంది, 48దీ 72దీ కిందికి పొడుచుకొస్తాయి. 72ది పెడితే వెనక భాగం లేచి కీబోర్డు వాలుగా అవుతుంది, చాలామందికి అదే నచ్చుతుంది. మెషీన్ ముందు వెనక బ్యాటరీని తాగి, తర్వాత లోపలి దానికి వస్తుంది. అందుకే పని ఆపకుండానే వెనకది తీసి నిండినది పెట్టొచ్చు. రెండూ కొత్తవైతే 96 వాట్ అవర్లు. రాతకోతలు, బ్రౌజింగ్‌తో సగటున 8 వాట్లు తాగితే పన్నెండు గంటలు.

లెక్క బాగానే ఉంది, మార్కెట్‌లో దొరికే బ్యాటరీలతోనే చిక్కు. నకిలీవి లోపలి చిప్‌లో 72 అని చెబుతాయి, గంటన్నరకే 40 శాతం దగ్గర ఢామ్మని ఆగిపోతాయి. రిపోర్టులో చూపించే సామర్థ్యాన్ని నమ్మకండి. కొన్న రోజే నిండా ఛార్జ్ చేసి, లోపలి దాన్ని డిసేబుల్ చేయకుండా, వెనకది ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో గడియారం పెట్టి చూడండి. మంచిది దొరికాక లినక్స్‌లో టీఎల్‌పీ అనే బ్యాటరీ సాధనం వేసుకుని 75 శాతం దగ్గర ఛార్జింగ్ మొదలై 80 దగ్గర ఆగేలా పెట్టండి. ఎప్పుడూ ఛార్జర్‌కే తగిలించి వాడేవాళ్ల బ్యాటరీలు వాచేది నూరు శాతం దగ్గర ఏళ్ల తరబడి నిలబెట్టడం వల్లే.

ఛార్జర్ లెనోవోదే కానక్కర్లేదు. 20 వోల్టులు ఇచ్చే 45 లేదా 65 వాట్ల యూఎస్‌బీ పీడీ (యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ప్రమాణం) ఛార్జర్ ఏదైనా సరే. ఫోన్లతో వచ్చే వేగపు ఛార్జర్లు వాట్లు ఎక్కువ చూపించినా, వాటిలో కొన్ని తమ సొంత పద్ధతిలోనే ఆ వాట్లు ఇస్తాయి. అవి దీనికి పనికిరావు.

కీబోర్డు, తెలుగు

ఈ ధరలో ఇలాంటి కీబోర్డు ఇంకోటి లేదు. మీటలు లోతుగా దిగుతాయి, మధ్యలో కొంచెం గుంటబడి ఉంటాయి, వేలు జారదు. నీళ్లు ఒలికితే కిందికి పోయే కాలువలు కూడా ఉన్నాయి. కీబోర్డు పాడైతే పైనుంచే తీసి మార్చొచ్చు, ల్యాప్‌టాప్ మొత్తం గుల్ల చేయనక్కర్లేదు. అలవాటు లేనివాళ్లను విసిగించేవి రెండు: ఎడమ మూలలో కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్ ఉంటుంది (బయాస్‌లో తారుమారు చేసుకోవచ్చు), కుడి ఆల్ట్ పక్కన ప్రింట్‌స్క్రీన్ మీట అడ్డం వస్తుంది.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల ప్రామాణిక మీటల అమరికలో) టైపు చేసేవాళ్లకు దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద, గుణింతాలు, పొల్లు ఎడమచేతి కింద ఉంటాయి. ‘స్త్రీ’ అని రాయాలంటే ఎం, డి, ఎల్, డి, జె, ఆర్ మీటలు. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. రెండు చేతులూ దరువేసినట్టు పడతాయి. ఆ లయలో ఉండగా కర్సర్ కదపడానికి చెయ్యి కిందికి దించి టచ్‌ప్యాడ్ వెతుక్కుంటే లయ తెగుతుంది. జి, హెచ్, బి మీటల మధ్యనున్న ఎర్ర చుక్కకు చూపుడు వేలు అంగుళం జరిగితే చాలు. స్పేస్‌బార్ కిందున్న మధ్య బటన్ నొక్కి పట్టుకుని చుక్కను నెడితే పేజీ పైకీ కిందికీ జరుగుతుంది. ఈ మధ్య బటన్ విద్య తెలియకే చాలామంది ట్రాక్‌పాయింట్‌ను రెండు రోజుల్లో వదిలేస్తారు. కర్సర్ దానంతటదే ఒక పక్కకి జారుతుంటే కంగారుపడకండి, వేలు తీసి రెండు మూడు సెకన్లు ఆగితే సర్దుకుంటుంది. ఎర్ర టోపీ అరిగిపోతే కొత్తది కొనేటప్పుడు పొట్టి రకమే కావాలని చూసుకోండి. పాత మోడళ్ల పొడవాటి టోపీ దీనికి పట్టదు.

టచ్‌ప్యాడ్ ఒక్కటే నాసిరకం, ప్లాస్టిక్ పొర. ఎక్స్1 ఎక్స్‌ట్రీమ్ మొదటి తరం గాజు టచ్‌ప్యాడ్ దీనికి సరిపోతుంది. చేసేవాళ్లు బాగానే ఉన్నారు. ట్రాక్‌పాయింట్ అలవాటైతే ఆ ఖర్చు అక్కర్లేదు.

లినక్స్ వేశాక

డెబియన్, ఫెడోరా, ఉబుంటు లాంటి డిస్ట్రోల్లో (లినక్స్ రకాల్లో) ఏది వేసినా వైఫై, శబ్దం, నిద్ర అన్నీ మొదటిసారే పనిచేస్తాయి. ఎస్3 అనే పాత పద్ధతి నిద్ర ఇందులో ఇంకా ఉంది కాబట్టి మూత మూసి సంచిలో పెడితే వేడెక్కదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లలాగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను విద్యార్థుల్లోకి తీసుకెళ్లేవాళ్ల శిబిరానికి దీన్ని పట్టుకెళ్తే, డ్రైవర్ల కోసం సగం రోజు పోగొట్టుకోకుండా నేరుగా పనిలోకి దిగొచ్చు.

సరిచేయాల్సినవి రెండు. లినక్స్‌లో ఈ మోడల్ ప్రాసెసర్ 80 డిగ్రీల దగ్గరే వేగం తగ్గించేసుకునే జబ్బు ఉండేది. విండోస్‌లో 97 దాకా వెళ్లనిచ్చేది. థ్రాటిల్డ్ అనే చిన్న సాధనం మొదట పుట్టిందే టీ480, దాని అన్నదమ్ముల కోసం. కంపైల్ చేస్తుండగా నాలుగు కోర్లూ 80 దగ్గరే పడిపోతుంటే అది వేయండి, కానీ కొత్త పేస్టు వేశాకే. రెండోది వేలిముద్ర సెన్సర్. డిస్ట్రోతో వచ్చే మామూలు సాఫ్ట్‌వేర్ దీన్ని గుర్తించదు, పైథాన్-వాలిడిటీ అనే విడి ప్రాజెక్టు కావాలి. అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా దాన్ని సర్దుకుంటూ ఉండాలి, పాస్‌వర్డ్ కొట్టుకోవడమే హాయి.

2024 చివర్లో లిబ్రేబూట్ (బయాస్ స్థానంలో వేసుకునే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్) టీ480కి వచ్చాక దీని మీద మోజు ఇంకా పెరిగింది. అంతకుముందు లెనోవో బయాస్ తీసేసి స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ వేసుకోవాలంటే ఎక్స్230, టీ440పీ లాంటి ఇంకా పాత మోడళ్లే దిక్కు. ఇది కూడా క్లిప్, ప్రోగ్రామర్‌తో చేసే పనే. వేసేముందు లెనోవో బయాస్, ఈసీ (కీబోర్డు, బ్యాటరీ లాంటివి చూసుకునే చిప్), థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్‌లు మూడూ అప్‌డేట్ చేసుకోండి, తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. అసలు బయాస్ కాపీని రెండు చోట్ల దాచుకోండి.

దీనితో కానివి

ఏవీ1 (నెట్‌లో కొత్తగా వాడే వీడియో ఫార్మాట్) వీడియోను విడదీసే హార్డ్‌వేర్ ఇందులో లేదు. ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడి ఫ్యాన్ హోరెత్తుతుంది, బ్రౌజర్‌లో ఏవీ1ని ఆపేసే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే నెమ్మదిస్తుంది. హెచ్‌డీఎంఐ పాత 1.4 రకం, 4కే మానిటర్‌కు సెకనుకు 30 ఫ్రేములే. 60 కావాలంటే యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడండి. వెబ్‌క్యామ్ 720పీ, రాత్రిపూట ముఖం మసకగా వస్తుంది. స్పీకర్లు కిందికి తిరిగి ఉంటాయి, పరుపు మీద పెడితే మాటలు కూడా సరిగా వినపడవు. ఏఐ భాషా నమూనాలను సొంత మెషీన్‌లో నడపాలనో, పెద్ద ఆటలు ఆడాలనో ఉంటే ఇది మీ పెట్టె కాదు. వెబ్ పని, పైథాన్, సీ, డాకర్, రెండు మూడు వర్చువల్ మెషీన్లు, ఎలక్ట్రానిక్స్ బోర్డులతో ఆటలు, ఇంతవరకు 16 జీబీ ర్యామ్‌తో నిశ్చింతగా నడుస్తుంది.

డబ్బు ఒకేసారి లేకపోతే ఖర్చు ఈ వరసలో పెట్టండి. మొదటి వారం పేస్టు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్. ఆ తర్వాత రెండో ర్యామ్ కర్ర. తర్వాత వెనక బ్యాటరీ. తెర ఆఖరికి, అది కూడా ఏడాది పైన వాడతామని గట్టిగా అనుకుంటేనే. యూఎస్‌బీ-సీ పోర్టు సోల్డరింగ్ కదిలిన పీసు మాత్రం ఐదు వేలు తగ్గించి ఇస్తామన్నా తీసుకోకండి.